ఏడో ప్రశ్న

దయావతి ఫైలు తెరిచి పెన్ను మూత తీసిందో లేదో, చాయ్ హోటల్ ముందు బీడీలు కాలుస్తున్న మగవాళ్లంతా లేచి జొన్నచేలో పడ్డారు. అందరికంటే ముందు ఉరికినవాడు డెబ్బై ఏళ్ల ఎల్లయ్య. ధోవతి ఎగ్గట్టి గట్టు దూకాడంటే దూకాడు మరి.

"నేను కాలేజీ పిల్లనే. సంగారెడ్డి నుంచి వచ్చిన," అంది దయావతి చేను వైపు తిరిగి. జొన్నకర్రలు ఇంకాస్త లోపలికి కదిలాయి.

వాళ్ల తప్పేం లేదు. అది డెబ్బై ఆరో సంవత్సరం, ఎమర్జెన్సీ రోజులు. ఎవరైనా కాగితం పట్టుకుని "పిల్లలెందరు?" అని అడిగారంటే వెనకాలే మగవాళ్లను పట్టుకుపోయే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల జీపు వస్తుందని పటాన్‌చెరు చుట్టుపక్కల ఊళ్లల్లో పసిపిల్లలకు కూడా తెలుసు. తెలియనిదల్లా సోషియాలజీ చెప్పే లెక్చరర్ గారికే. "జనాభా సమస్య మీద ఇరవై ఇళ్లు తిరిగి రాసుకురండి. రేపు పదింటికల్లా నా బల్ల మీద ఉండాలి. లేకుంటే పరీక్షకు కూర్చోనివ్వను," అని ఆయన హాయిగా కుర్చీలో కూర్చుని చెప్పాడు.

ఒక్క ఇల్లు కాలేదు. ఐదింటికి ఆఖరు బస్సు. దయావతి పక్కనున్న ఇంటి గడపలో కూలబడి కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"ఎందుకేడుస్తున్నవ్ బిడ్డా?" అంటూ ఆ ఇంటావిడ దేవమ్మ చెంబుతో నీళ్లు తెచ్చింది.

దయావతి అంతా చెప్పేసింది. ఈ పరీక్ష పోతే చదువు మాన్పిస్తానని తండ్రి దావీదు పంతులు అన్న మాట కూడా దాచలేదు.

"గింతేనా? మొకం కడుక్కో. ఈడనే కూసో," అని దేవమ్మ కొంగు నడుముకు దోపుకుని చేలోకి వెళ్లింది. నాట్లకైనా కోతలకైనా ఊళ్లో కూలీలను కూడగట్టేది ఆమే. ఆమె పిలిస్తే రానివాళ్లు ఆ ఊళ్లో లేరు.

కాసేపటికి ఒక్కొక్కరే బయటికి వచ్చారు. రావడమేమిటి, వరసకట్టారు. పేరు అడిగితే తాత పేరు దాకా చెప్పారు. కంపెనీ నుంచి ఖాకీ బట్టలతోనే వచ్చిన లింగం తన పేరు రెండుసార్లు చదివించుకున్నాడు. బక్కమ్మ నాలుగు కాల్చిన మక్క కంకులు తెచ్చి ఒళ్లో పోసింది. "నువ్వు సల్లగుండాలె బిడ్డా, మా ఆయన పేరు జెర పెద్దగ రాయి," అంది. ఎల్లయ్యయితే రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు.

పల్లెవాళ్లు కొత్తవాళ్లను నమ్మరని దయావతి మొన్ననే నోట్సులో ఎంత శ్రద్ధగా రాసుకుంది. సిగ్గేసింది. ఈ మనుషుల మేలు ఈ జన్మకు మర్చిపోకూడదనుకుంది.

నాలుగున్నరకు ఇరవై ఇళ్లూ పూర్తయ్యాయి. కాగితాలు సర్దుతూ ఏడో ప్రశ్న దగ్గర ఆగింది. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయిందా? అయింది. తర్వాతి కాగితం, అయింది. ఇరవైకి ఇరవై, అయింది. ఎల్లయ్యకు అయింది. పెళ్లయి ఇరవై రోజులు కూడా కాని లింగానికీ అయింది.

"పెద్దమ్మా, లింగానికి ఆపరేషన్ ఎప్పుడయింది?"

"యాడయింది? కాలె."

"మరి అయిందని చెప్పిండు గద?"

"నేనే చెప్పమన్న. ఈ కాయితంల పేరెక్కితే ఇగ జీపోళ్లు పట్టుకపోరని చెప్పిన. లేకుంటే చేన్లకెల్లి ఎవడొస్తడు?" అంది దేవమ్మ.

దయావతికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నోరు తెరిచేలోపే మలుపు దగ్గర దుమ్ము లేచింది. జీపు వచ్చేసింది.

ఈసారి ఒక్కడూ ఉరకలేదు. కళ్లద్దాల ఆఫీసరు దిగగానే అందరూ ధీమాగా దయావతి వైపు చేతులు చూపించారు. "మా అందరియి అయిపోయినయి సారు. గా పిల్ల రాసుకున్నది, సూడుండ్రి."

"ఎవరమ్మా నువ్వు? ఆ కాగితాలు ఇటు తే," అన్నాడు ఆఫీసరు.

నిజం చెబితే ఇరవైమందీ ఇప్పుడే జీపెక్కుతారు. అబద్ధమాడితే ఆ రోజుల్లో తను ఏ జైల్లో తేలుతుందో ఏసుప్రభువుకే తెలియాలి. పరీక్ష సంగతి సరేసరి. దయావతి దేవమ్మ వైపు చూసింది. ముక్కూమొహం తెలియని తనకు అడక్కుండా నీళ్లిచ్చిన మనిషి.

"అందరికీ అయిపోయింది సార్. ఇల్లిల్లు అడిగి నేనే రాసిన," అంది.

ఆఫీసరు ఒక్కో కాగితమే తిప్పాడు. ఎల్లయ్య కాగితం దగ్గర ఆగి, ఎల్లయ్యను పైనుంచి కిందికి చూశాడు. లింగాన్ని చూశాడు. రుమాలుతో మెడ తుడుచుకున్నాడు.

ఆయన జేబులోంచి పుస్తకం తీసి, జీపు బానెట్ మీద పెట్టుకుని, ఇరవై పేర్లూ ఓపిగ్గా ఎక్కించుకున్నాడు. ఎల్లయ్య వయసు నలభై అని వేశాడు. తర్వాత కాగితాలు రెండు చేతులతో ఆమెకు తిరిగి ఇచ్చాడు. ఆయన కళ్లల్లో నీళ్లున్నాయి.

"పదిహేను దినాల సంది తిరుగుతున్న, ఒక్కడు దొరకలె. పైనోళ్లు పెట్టిన ఆపరేషన్ల నంబరు నింపకపోతే ఎల్లుండి నుంచి నౌకరికి రావద్దన్నరు," అని గొంతు తగ్గించి ఇంకా దగ్గరికి జరిగాడు. "రేపు ఏ ఊరికి పోతవో చెప్పు చెల్లే, జీపు పంపిస్త."