అరిగిన వేళ్ల తీర్పు

ఇప్పుడు ఏ తలుపైనా బొటనవేలి ముద్రతోనే తెరుచుకుంటుంది, ఆసుపత్రిదైనా సరే. ఇటుకబట్టీల్లో మట్టి పిసికి వేళ్లరిగిన ఒడిశా కూలీలకు తెరుచుకునేది కాదు. ముద్ర పడకపోతే తెలిసినవాళ్ల మాట చాలని వకీలు స్వరూప ఆరేళ్లు కొట్లాడి తీర్పు తెచ్చింది.

ఈరోజు జ్వరంతో కాలిపోతున్న బిడ్డనెత్తుకుని బట్టీకూలీ సుకాంతి ఆసుపత్రి తలుపు మీద వేలుపెట్టింది. ముద్ర పడలేదు.

"ఈమె ఎవరికి తెలుసు?" అనడిగింది తలుపు.

"మాకెరుకే! సుకాంతి!" అన్నారు వెనకున్న బట్టీవాళ్లంతా.

తలుపు తెరుచుకుంది. సుకాంతి లోపలికెళ్లగానే మూసుకుపోయింది. వెనకే, ఆమెకు తోడొచ్చిన స్వరూప వేలుపెట్టింది. ఇరవయ్యేళ్లొచ్చేదాకా తనూ ఇటుకలు చేసిందే, ముద్ర పడలేదు.

"ఈమె ఎవరికి తెలుసు?"

లోపల్నించి సుకాంతి గట్టిగా అరిచింది.

"నాకెరుకే! నిన్ను గిట్ల అడిగేటట్టు చేసింది గీమెనే!"