ఆ రెండు గంటలు

“భాయ్, హమారా టైమ్ అభీ బాకీ హై. బాహర్ వెయిట్ కరో!”

జడ్సన్ అరుపుకి, హాల్లో చివరి వరుసలో కూర్చున్న మనిషి ఉలిక్కిపడి లేచాడు.

నలభై అయిదేళ్ళుంటాయి. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా. కాళ్ళకి దుమ్ము పట్టిన సేఫ్టీ బూట్లు.

“నేను తెలుగోన్నే సార్,” అన్నాడు.

“అయితే తెలుగులోనే చెప్తున్నాను. మీ కూడిక ఆరింటికి. అప్పటిదాకా ఈ హాలు మాది.”

దోహాలోని ఆ చర్చిల కాంపౌండులో ఒక్కో హాలునీ శుక్రవారంనాడు అరడజను భాషలవాళ్ళు గంటల చొప్పున పంచుకుంటారు. తర్వాతివాళ్ళు ముందే వచ్చి గుమ్మంలో నిలబడతారు. ముందువాళ్ళ ప్రార్థన కాస్త పొడుగైతే దగ్గుతారు.

ఇవాళ నాలుగు నుంచి ఆరు వరకు జడ్సన్‌కి ఇచ్చారు. ఆ రెండు గంటల్లో కూతురు ఫెబి పెళ్ళి అయిపోవాలి.

కాకినాడలో చేస్తే పేటంతా పిలవాలి. పిలవకపోతే మాట పడాలి. పోనీ ఇక్కడే హోటల్లో చేద్దామంటే, వాళ్ళు చెప్పిన రేటుకి భార్య సుసన్న నోటి మీద చెయ్యి వేసుకుంది. చర్చి హాలు చవక. కానీ నెలల తరబడి ఖాళీ లేదు.

పెళ్ళికొడుకు జయంత్‌ని కంపెనీ వచ్చే వారమే ఒమన్ పంపిస్తోంది. పెళ్ళి సర్టిఫికెట్ లేకపోతే ఫెబికి వీసా రాదు.

చివరికి పాస్టరు డేనియల్ ఫోన్ చేశాడు. “శుక్రవారం సాయంత్రం ఖాళీ అయింది. మీరు తీసుకోండి.”

జడ్సన్ మోకాళ్ళూని స్తోత్రం చెప్పాడు.

తీరా ఇవాళ పెళ్ళికొడుకు కారు గేటు దగ్గర చెకింగ్ వరసలో ఇరుక్కుంది. పాస్టరే అటు పరుగెత్తాడు. నాలుగున్నర దాటింది. జడ్సన్ కోపానికి దారి కావాలి, ఈ మనిషి దొరికాడు.

“ఆరింటికొచ్చేటోల్ల మనిషిని కాద్సార్. రువైస్ నుంచొచ్చిన.”

“పెళ్ళికొడుకు తాలూకా?”

“కాద్సార్.”

“మా తాలూకా కాదు, నాకు తెలుసు. మరి బిర్యానీ తాలూకానా?”

ముందు వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు.

ఆ మనిషి తల దించుకున్నాడు. “తిననీకి రాలే సార్. జరసేపు కూసొని పోత.”

“కూర్చోడానికి ఇది పార్కా? ప్లేటు ప్లేటుకీ లెక్కేసుకుని చేస్తున్న పెళ్ళిది. ఊరికే కూర్చుంటానన్నవాడు తినకుండా వెళ్ళడం నేనెక్కడా చూళ్ళేదు.”

సుసన్న గబగబా వచ్చింది. “ఏవండీ, మెల్లిగా! మీరుంటే మైకు అద్దె దండగ. కూర్చోనివ్వండి, మనదేం పోయింది?”

“ఒకణ్ణి కూర్చోబెడితే వెనకాల పదిమంది దిగుతారు. నువ్వెళ్ళి అబ్బాయి ఎక్కడున్నాడో ఫోన్ చెయ్యి!”

“ఎన్క నిలబడత సార్,” ఆ మనిషి చేతులు జోడించాడు. “ఒక్క ప్రార్థన అయ్యేదాంక.”

“ప్రార్థన కావాలంటే మీ చర్చిలో చేసుకోండి. యల్లా, నడవండి.”

భుజం మీద చెయ్యి వేసి గుమ్మందాకా తీసుకెళ్ళాడు. చెయ్యి వేశాడనడం మర్యాద. నెట్టాడు.

మోకాళ్ళ మీద ఉన్నప్పటి మెత్తదనం, లేచి నిలబడ్డాక మనిషికి ఎందుకుండదో.

ఆ మనిషి గుమ్మంలో ఆగి, బలిపీఠం వైపు ఒక్కసారి చూశాడు. ఎండలోకి దిగి వెళ్ళిపోయాడు.

మరో పది నిమిషాలకి పెళ్ళికొడుకు వచ్చాడు. ప్రమాణాలు, ఉంగరాలు, తాళి, సంతకాలు, అన్నీ పరుగు మీద అయిపోయాయి. ఆరింటికి ముందే హాలు ఖాళీ చేసి, వెనక షెడ్డు కింద భోజనాలు పెట్టారు.

పెళ్ళికొడుకు వైపునుంచి చాలామంది రాలేదు. బిర్యానీ మిగిలిపోయింది. దానికీ జడ్సన్‌కి కోపమే వచ్చింది.

“వస్తామని చెప్పి రారు! రమ్మనకపోతే వస్తారు!”

అప్పుడే పాస్టరు అటూ ఇటూ చూసుకుంటూ వచ్చాడు. “జడ్సన్ గారూ, ఏలియా కనిపించాడా? రువైస్ పోర్టులో వెల్డరు. తెల్ల చొక్కా వేసుకుని వస్తానన్నాడు. ఫోను ఎత్తడం లేదు.”

జడ్సన్ చేతిలో గరిటె ఆగింది.

“అతన్ని మీరు పిలిచారా? నాతో ఒక్కమాట చెప్పొద్దాండీ? బయటికి పంపించేశాను!”

“పంపించేశారా?”

“మరేం చెయ్యమంటారు? ఎవరి తరఫో చెప్పడు, ఎందుకొచ్చాడో చెప్పడు. నా ఇంట్లో పెళ్ళండీ ఇది!”

“నేను పిలవలేదు. వెనక కూర్చోవచ్చా అని అతనే అడిగాడు. మీతో చెప్పొద్దన్నాడు. చెబితే పెళ్ళివాళ్ళ మనసు పాడవుతుందన్నాడు.”

“మా మనసెందుకు పాడవుతుంది?”

పాస్టరు ఫొటోల కోసం నిలబడి నవ్వుతున్న ఫెబిని కాసేపు చూశాడు.

“పోయిన ఏడాది ఈ రోజుల్లోనే మెదక్‌లో అతని కూతురు పోయింది. మీ ఫెబి ఈడుదే. సెలవివ్వలేదు, మట్టికి కూడా వెళ్ళలేకపోయాడు.”

జడ్సన్ గుమ్మం వైపు చూశాడు. అక్కడ తర్వాతి కూడికవాళ్ళు చెప్పులు విడుస్తున్నారు.

“ఆ పిల్ల జ్ఞాపకార్థ కూడికకని ఇవాళ నాలుగు నుంచి ఆరు వరకు ఈ హాలు తీసుకున్నది ఏలియానే; మీ సంగతి విని, ‘ఆ టైముల ఒక ఆడపిల్ల పెండ్లి కానీయుండ్రి అయ్యగారూ’ అని వదిలేశాడు.”