గోడ వైపు అద్దం

"ఆ తెర ఏదో ఒక రోజు ఆరిపోతుందిరా. అప్పుడు నీ వెనక ఏముందో ఎవరు చెప్తారు?" అంది తల్లి, వ్యాన్ కిటికీ అంచు పట్టుకుని.

"పొద్దున్నే ఆ మాటలేంటమ్మా!" అంటూ కొడుకు తాళం తిప్పాడు. ఇంజను లేచింది. వెనక కెమెరా బొమ్మ చూపించాల్సిన తెర మాత్రం వెలగలేదు. రివర్సు గేరు వేశాడు. నలుపే. అరచేత్తో రెండు దెబ్బలు వేశాడు. నలుపే.

"చూశావా?"

"తథాస్తు దేవతలు నీ నాలుక మీదే కాపురం పెట్టారమ్మా."

అది బడి పిల్లల వ్యాను. ఇల్లు సందు చివర. బండి తిప్పుకునే చోటు లేదు కాబట్టి రోజూ రోడ్డు దాకా వెనక్కే నడపాలి. కెమెరా పెట్టించక ముందు తల్లే వెనక నిలబడి దారి చెప్పేది. చెప్పేదంటే, ఆవిడకి తెలిసింది ఒకటే మాట: "ఆగు!" పిల్లి కనిపించినా ఆగు, ఎండుటాకు దొర్లినా ఆగు. "ఈవిడ 'రా' అనేలోగా బళ్ళో పిల్లలు పెళ్ళీడుకొస్తారు" అని మేడమీద దర్జీ నవ్వేవాడు.

"తెర పోతే పోయింది, అద్దాలున్నాయిగా" అంది తల్లి. గొంతులో కొంచెం గెలిచినట్టే ఉంది. "అద్దానికి కరెంటు అక్కర్లేదు. నేను వెనక నిలబడతా."

"వద్దమ్మా. మెకానిక్‌కి ఫోన్ చేస్తాను."

"అద్దాలు పెట్టుకుని మెకానిక్ ఎందుకురా? అక్కడ పసివాళ్ళు రోడ్డు పక్కన నిలబడి ఉంటారు. ఏ లారీ వస్తుందో, ఏ కుక్క తరుముతుందో..."

ఆవిడ వ్యాన్ వెనక్కి వెళ్ళి, గోడ వైపు నిలబడింది.

"కనిపిస్తున్నానా?"

"ఆ. నిక్షేపంలా."

"నా చేతిలో ఏముంది?"

"ఏముంటుంది? చీపురే."

తల్లి తన చేతిలోకి చూసుకుంది. ఉన్నది అతను మర్చిపోయిన క్యారేజీ.

గోడ పక్కగా ముందుకి నడిచింది. అప్పుడు చూసింది. గోడ వైపు అద్దం బండికి ఆనుకుని మడిచి ఉంది. నిన్న సాయంత్రం దర్జీ వాళ్ళ మంచం దింపుతుంటే, తగులుతుందేమోనని తనే మడిచింది. విప్పడం మర్చిపోయింది.

"ఒరే, ఈ అద్దం మూసుందిరా."

కొడుకు రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టుకుని ఎదురుగా ఉన్న తమ గుమ్మాన్నే చూస్తున్నాడు.

"మూసుందా?" అన్నాడు.

ఆవిడ ఆ వైపు కిటికీలోంచి లోపలికి తొంగి చూసింది.

"ఎప్పట్నుంచిరా?"

"దగ్గరగా ఉంటే కనిపిస్తుందమ్మా. తెర మూతి ముందుంటుంది కాబట్టి సరిపోయేది. అద్దం నా చూపుకి అందదు."

"మరి ముందున్న రోడ్డో?"

"ఆ రోడ్డు నాకు కంఠతా వచ్చు. వెనక్కి వెళ్ళడమే రాదు."

"కంఠతా వస్తే సరిపోతుందా? అడ్డం వచ్చేవాళ్ళు నీ పాఠంలో ఉంటారా?" ఆవిడ గొంతు కీచుగా లేచింది. మేడ వైపు చూసి మళ్ళీ తగ్గించింది. "డాక్టరుకి చూపించావా?"

"చూపించాను. ఇద్దరికి. కళ్ళద్దాలకి లొంగదట, ఆపరేషనుకి లొంగదట. ఉన్నదాన్ని కాపాడుకోమన్నారు."

"మానెయ్యి నాయనా. ఇవాళే మానెయ్యి. నీ కాళ్ళు పట్టుకుంటా."

"మానేసి?" కొడుకు మొదటిసారి ఆవిడ వైపు తిరిగాడు. అయినా చూపు ఆవిడ మొహం మీద కాక, చెవి పక్కన ఎక్కడో ఆగింది. "కళ్ళు అక్కర్లేని పని ఒకటి చెప్పమ్మా, చేస్తాను."

ఆవిడ ఆలోచించింది. రాత్రీ పగలూ లోకంలో ఉన్న ప్రమాదాలన్నీ ఊహించగల మనిషికి ఒక్క పని కూడా తోచలేదు. లోపల నెల తిరగని పసిగుడ్డు ఏడ్చింది. బాలింత కోడలు ఏదో పాట పాడుతూ జోకొడుతోంది.

"దానికి తెలుసా?"

"నీకే తెలియనివ్వలేదు."

ఫోన్ మోగింది. కొడుకు దాన్ని ముక్కు దగ్గరకి తెచ్చుకుని నొక్కాడు. "బయల్దేరుతున్నానండీ... ఆ, మీ వాణ్ణి గేటు దగ్గరే నిలబెట్టండి... రెండు నిమిషాలు." పెట్టేశాడు.

"ఈ ఒక్క పూటకమ్మా. సాయంత్రం తెర బాగు చేయించేస్తాను."

తల్లి గోడ వైపు అద్దాన్ని విప్పింది. కొంగుతో తుడిచింది. అందులో ఆవిడ మొహం స్పష్టంగా కనిపించింది. క్యారేజీ సీటు మీద పెట్టి, నడుచుకుంటూ వ్యాన్ వెనక్కి వెళ్ళింది.

వెనక సందు ఖాళీగా ఉంది. చివర రోడ్డు మీద పుస్తకాల సంచులు తగిలించుకున్న పిల్లలు నడిచి వెళ్తున్నారు.

"అమ్మా, వెనక ఎవరైనా ఉన్నారా?"

ఆవిడ నోరు తెరిచింది. ఇన్నేళ్ళూ పిలవకుండానే వచ్చిన మాట గొంతు దాకా వచ్చి నిలబడింది. మేడమీద దర్జీ మిషను టకటకలాడి ఆగింది. లోపల ఏడుపు తగ్గలేదు.

"చెప్పమ్మా. ఉన్నారా?"

ఇంజను వణుకుతోంది. పొగ ఆవిడ కాళ్ళ మీదుగా పాకి గోడ దాకా వెళ్ళింది. రోడ్డు మీద పిల్లలు మలుపు తిరిగి కనుమరుగయ్యారు.

"అమ్మా?"

చాలాసేపటికి ఆవిడ గొంతు వినిపించింది.

"ఎవరూ లేరు. రా... రా... రా..."