ఫిజికల్ అడ్రస్

"నీ కంప్యూటర్ ఫిజికల్ అడ్రస్ చెప్పు," అంది మా తోడికోడలు గుమ్మంలోనే నిలబడి. కుళాయి గొడవ తర్వాత ఆవిడ నాతో మాట్లాడిన మొదటి మాట అది.

ఇంటికంతటికీ నెట్ పెట్టె ఒకటే, అదీ ఆవిడ గదిలో. ఒక కంప్యూటర్‌ని నెట్‌లోంచి గెంటేయాలంటే దాని అడ్రస్, అంటే తయారీలోనే దానికి వేసే నంబరు, ఉంటే చాలు. అంతమాత్రం నాకూ తెలుసు. మర్నాడు నాకు ఆన్‌లైన్ ఇంటర్వ్యూ ఉందని ఆవిడకీ తెలుసు.

"దేనికక్కా?"

"సెట్టింగులు మార్చాలి. చెప్తావా, చెప్పవా?"

లోపలికెళ్ళి, మంచం కింద ఎప్పుడో చచ్చి పడున్న పాత ల్యాప్‌టాప్ తిరగేసి, అడుగున స్టిక్కర్ మీదున్న అడ్రస్ గట్టిగా చదివాను. ఆవిడ ఫోన్‌లో ఎక్కించుకుంది. చేసుకో నీ ఇష్టం, అనుకున్నాను.

మర్నాడు రెండో ప్రశ్నకి జవాబు చెప్తుంటే తెర మీది మొహాలు బిగుసుకుపోయాయి. నెట్ పోయింది. విసురుగా ఆవిడ గదిలోకి వెళ్ళాను.

"ఇప్పుడు నీ కళ్ళు చల్లబడ్డాయా?"

"నీది పోవడమేంటి? పక్కిళ్ళవాళ్ళంతా మన నెట్ మీదే పడుంటున్నారు. నీ ఇంటర్వ్యూ చెడుతుందని ఇప్పుడే అందర్నీ తీసిపారేశాను. నాదీ, నువ్వు చెప్పిందీ, ఆ రెండే ఉంచాను."

నేను నాలుక కరుచుకున్నాను. ఆవిడకి అర్థమైంది.

"దొంగ అడ్రస్ ఇచ్చావా?"

"ఇదంతా నా కోసం చేశావా అక్కా?"

"నీ మొహం. నీకా ఉద్యోగమొస్తే వేరే ఇల్లు చూసుకుని పోతావని ఎంత ఆశపడ్డానో."