ముడతల బరువు

"మళ్ళీ ఆగిపోయిందే!" మంచం మీంచి ఫోను చూస్తూ అమ్మ కేకేసింది.

కంప్యూటర్ ముందున్న కూతురు వెనక్కి తిరక్కుండానే తల పట్టుకుంది. ఫోన్లో ఆడుకునే పరుగుల ఆట అది. అందులో గోడలు దూకే ముసలావిడ బొమ్మ కూతురు చేసిందే. ముఖం మాత్రం అచ్చం అమ్మది. సాయంత్రంలోగా ఆ బొమ్మ అమ్మ పాత ఫోన్లో తడబడకుండా పరిగెత్తాలి. లేకపోతే ముసలావిణ్ణి పీకేసి పిల్లిని పెడతానన్నాడు ఆఫీసులో టీమ్ లీడరు. "ఖరీదైన ఫోనున్నవాళ్ళకేనా ఆటలు? మిగతావాళ్ళు నోట్లో వేలేసుకుని చూడాలా?" అని అతనితో పోట్లాడి మరీ వచ్చింది.

"అసలెందుకు ఆగుతోందే?"

"బొమ్మంటే చిన్న చిన్న త్రిభుజాలతో అల్లిన వలమ్మా. ఎక్కువైతే నీ ఫోను మోయలేదు. చదునుగా ఉన్నచోట నాలుగైదు చాలు. ముడతలకే బోలెడు కావాలి."

"ఓహో! బరువంతా ముడతల్లోనే ఉందన్నమాట. సర్లే, పొయ్యి మీద పాలున్నాయి. మధ్యలో లేవాలంటే ఎలా?"

"కింది మూల నొక్కు, ఆట ఆగుతుంది. వదిలితే కదులుతుంది. నుదుటి గీతలు తీసేశా, ఇప్పుడు చూడు."

"కాస్త నయం... అయ్యో, ఆగింది!"

"కళ్ళ కింద సంచులు తీసేయనా?"

"అడుగుతావేంటే, తీసి పారెయ్!"

"గడ్డం కింద వేలాడేది?"

"దిక్కుమాలింది, అదే మోయలేని బరువు!"

"చెవులు చదును చేస్తే ఇంకా తేలికవుతుందమ్మా."

"చెవుల జోలికెళ్ళకు. వాటికేం, బాగానే ఉన్నాయి. ముక్కు సన్నం చెయ్యి."

నాన్న వచ్చి ఫోన్లోకి తొంగిచూశాడు. "ఎవరే ఈ అమ్మాయి? ఎక్కడో చూసినట్టుందే!"

"మన పెళ్ళిలో చూశారు. మీ పక్కనే కూర్చుంది."

ముక్కు సన్నబడింది. అమ్మ ఒక్క అరుపు అరిచింది. "పరిగెడుతోందే! ఎక్కడా ఆగట్లేదు!"

కూతురు కుర్చీ తన్నేసి లేచింది. అమ్మను వాటేసుకుని గిరగిరా తిప్పింది. టీమ్ లీడరుకి ఫోన్ కలిపి, "ముసలావిడ నెగ్గింది! ఆ పిల్లిని మీరే పెంచుకోండి!" అని అరుస్తూ వీధిలోకి పరుగెత్తింది.

కింది మూల నొక్కీ నొక్కీ కందిపోయిన బొటనవేలిని అమ్మ ఉఫ్ఫని ఊదుకుంది.