పెద్దాయన కదలనన్నాడు

శవం బండి ఇంజను చక్కగానే తిరుగుతోంది. గేరు మాత్రం పార్కింగులోంచి కదలడం లేదు.

"రానంటున్నాడు," అంది జనంలో ఒక ముసలమ్మ.

ఘనాలోని మా కుమాసీలో ఇలాంటప్పుడు నాలాంటి మెకానిక్కు మాట ఎవరూ వినరు. ఇంటిపెద్ద నేల మీద జిన్ను సారా ఒలికించి, "ఏం కావాలి నాయనా నీకు?" అని శవపేటికను అడిగాడు.

అందరూ పేటికలో ఉన్న మా షెడ్డు మేస్త్రీ గారి తమ్ముడి వంక చూశారు. నలభయ్యో రోజుకల్లా ఇల్లు ఖాళీ చెయ్యమని వదిన సెర్వాతో అన్నది అతనే.

"ఇల్లు వదినదే అన్నా! అందరూ సాక్ష్యం. ఇక బయల్దేరు," అని మోకాళ్ల మీద కూలబడ్డాడు.

డ్రైవరు మళ్లీ లాగాడు. గేరు కదల్లేదు.

"ఇప్పుడైనా నన్ను చూడనిస్తారా?" అన్నాను.

డ్రైవరును బ్రేకు తొక్కమని వెనక్కి వెళ్లి చూశాను. ఎర్రలైట్లు వెలగలేదు. బ్రేకు తొక్కినట్టు బండికి తెలియకపోతే గేరును వదలదు. ఫ్యూజు కాలిపోయుంటుందని ముందు సీటు దగ్గర మూత తీశాను. కాలిపోలేదు. అసలు ఫ్యూజే లేదు.

ఆ సీట్లో నల్లబట్టల్లో సెర్వా కూర్చుని ఉంది. ముప్పై ఏళ్లు మేస్త్రీకి పానాలు అందించిన మనిషి.

"మా మరిది ఏమన్నాడ్రా ఓపొంగ్? సరిగ్గా వినపళ్లేదు."

"ఇల్లు మీదేనన్నాడమ్మా."

"పెద్దలు విన్నారా?"

"అందరూ విన్నారు."

ఆమె గుప్పిట తెరిచింది.

"అయితే పెట్టెయ్. ఆయనకి ఎండ పడదు."