నల్లంగీల మఠం

"ఇంక నాకియ్యయ్యా, బిడ్డను నేనెత్తుకుంటా," అని శీనమ్మ మళ్ళీ చేతులు చాపింది.

"నిద్రపోతుండాది, లేపమాక," అంటూ వెంగయ్య కూతురి మొహం మీద తుండుగుడ్డ సర్ది ముందుకు నడిచాడు.

ధాత నామ సంవత్సరపు కరువుకు ఊరొదిలిన ఆలుమగలు ఉదయగిరి కొండ కింద నల్లంగీలు తొడిగే బెనెడిక్టు క్రైస్తవ సన్యాసుల మఠం చేరేసరికి పొద్దు నడినెత్తికొచ్చింది. అక్కడ గంజి పోస్తారని విని వచ్చారు. మఠం పక్కనే రాతి చర్చి, తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. లోపల చల్లటి బండల మీద జనం ముసుగులు కప్పుకుని వరసగా పడుకుని ఉన్నారు. ఒక్కరూ దగ్గడం లేదు.

వరస చివర వెంగయ్య బిడ్డను పడుకోబెట్టాడు.

నల్లంగీ సన్యాసి ఒకాయన గబగబా వచ్చాడు. "అక్కడొద్దు నాయనా. బతికుండేవాళ్ళు పక్క వసారాలో ఉండారు."

శీనమ్మ ముందుకు వంగింది. బిడ్డను ఎత్తుకోబోతే వెంగయ్య ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

ఆమె రెండో చేత్తో తుండుగుడ్డ తొలగించి చూసింది. "ఎప్పుడు పోయింది?"

"మర్రిపాడు దాటినాక."

"నాకెందుకు చెప్పలా?"

"చెబితే నువ్వాడే కూలబడతావు. నువ్వన్నా గంజి దాకా రావాలని చెప్పకుండా మోసుకొచ్చినాను."

సన్యాసి గంజి ముంత తెచ్చిచ్చాడు. శీనమ్మ కూతురి పక్కనే కూర్చుని సగం తాగి, మిగిలింది మొగుడి చేతిలో పెట్టింది.

"తాగు. గుంట తవ్వాల గదా."